పదో వంతు బోటు రైడ్: ఒక కాలువ, పదమూడు బోట్లు, రెండు పంపులు

రోజు 1

మూడేళ్ళ క్రితం ఒక థీమ్ పార్కులో బోటు రైడ్ ఎక్కాం. దిగే ప్లాట్‌ఫాం కళ్ళ ముందే కనిపిస్తోంది, ఇంకో ఇరవై అడుగులు ఉందనగా మా బోటు ఆగిపోయింది. మా ముందు నాలుగు బోట్లు ఆగి ఉన్నాయి. వెనక నుంచి ఇంకొకటి వచ్చి తగిలింది, దాని వెనక మరొకటి. పావుగంట అలాగే కూర్చున్నాం. "అన్నయ్యా, బోట్లు ఉన్నాయి, ఎక్కడానికి జనం ఉన్నారు, నీళ్ళు పారుతున్నాయి. మరి ఎందుకు ఆగింది?" అని తమ్ముడు అడిగాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు కోసం అసలు రైడ్‌లో పదో వంతు సైజులో ఒకటి కట్టబోతున్నాను. నీళ్ళు, బోట్లు, లిఫ్ట్ (బోట్లను పైకి లాగే బెల్ట్), గేట్లు, స్టేషన్ (జనం ఎక్కి దిగే చోటు) అన్నీ ఉంటాయి. అలంకారం మాత్రం ఉండదు. రాళ్ళు, గుహలు, బొమ్మలు ఏవీ పెట్టను. నాకు కావాల్సింది గంటకు ఎంతమందిని తిప్పగలం, ఏది చెడితే ఏమవుతుంది అన్న రెండు విషయాలే.

అసలు రైడ్ ఇలా ఉంటుందని అనుకున్నాను. బోటు పొడవు 5 మీటర్లు, వెడల్పు 1.5 మీటర్లు, వరసకు నలుగురు చొప్పున 5 వరసలు, మొత్తం 20 సీట్లు. కాలువ వెడల్పు 1.75 మీటర్లు, నీటి లోతు 80 సెంటీమీటర్లు. స్టేషన్ దాటగానే లిఫ్ట్, పైన 60 మీటర్ల కాలువ, 6 మీటర్ల జారుడు, కింద మళ్ళీ 80 మీటర్ల కాలువ, చివర స్టేషన్. అన్నిటినీ పదితో భాగిస్తే నా నమూనా వస్తుంది: అర మీటరు బోటు, 8 సెంటీమీటర్ల లోతు, మొత్తం 14 మీటర్ల కాలువ.

రోజు 3

వేగం లెక్క దగ్గర ఒక రోజంతా కూర్చున్నాను. పొడవును పదితో భాగించినట్టు వేగాన్ని కూడా పదితో భాగిస్తే తప్పవుతుంది. నీటి ప్రవాహాన్ని, అలలను నడిపేది గురుత్వాకర్షణ. అందుకే నమూనాలో వేగం 10కి వర్గమూలం మేరకు, అంటే 3.16 వంతు మాత్రమే తగ్గాలి. ఓడల నమూనాలను నీటి తొట్టిలో లాగి విలియం ఫ్రౌడ్ 1870ల్లో నిలబెట్టిన సూత్రం ఇది. ఈనాటికీ ఓడలకూ ఆనకట్టలకూ దీన్నే వాడుతున్నారు.

దీని ప్రకారం సమయం కూడా 3.16 వంతే తగ్గుతుంది. అసలు రైడ్‌లో 30 సెకన్లు నా దగ్గర 9.5 సెకన్లు. నీటి ప్రవాహం మాత్రం 316 వంతు తగ్గుతుంది, బరువు 1000 వంతు తగ్గుతుంది. అసలు కాలువలో నీరు సెకనుకు 0.6 మీటరు నడవాలంటే 840 లీటర్లు పారాలి. నాకు సెకనుకు 2.66 లీటర్లు చాలు.

ఇందులో ఒక హద్దు కూడా రాసుకున్నాను. తుంపరలకు ఈ లెక్క పనికిరాదు. నీటి చుక్క సైజును తలతన్యత నిర్ణయిస్తుంది, అది నమూనాతో పాటు తగ్గదు. కాబట్టి జారుడు కింద ఎంతమంది ఎంత తడుస్తారో ఈ నమూనా చెప్పలేదు. ఆ ప్రశ్నను పక్కన పెట్టేశాను.

రోజు 11

ప్లైవుడ్ పెట్టెలు చేసి, నీళ్ళు కారకుండా లోపల ఎపాక్సీ పూశాను. నీళ్ళు పోసి పంపు వేస్తే బోటు నత్తలా కదిలింది. స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే సెకనుకు 8 సెంటీమీటర్లు. రావాల్సింది 19. గంటకు 4000 లీటర్ల పంపు తెచ్చాను, కావాల్సింది 9600. డబ్బా మీద రాసిన అంకె నీళ్ళను పైకి ఎత్తే పని లేనప్పుడు వచ్చేది. ఎత్తు పెరిగేకొద్దీ, పైపు మలుపులు పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది.

బాబాయి పంపుల మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. వచ్చి చూసి, "ఒరేయ్, ఒక్క పెద్ద పంపు తేకు. రెండు తెచ్చి పక్కపక్కన పెట్టు. ఒకటి పోతే ఏమవుతుందో కూడా చూడొచ్చు" అన్నారు. ఈ ప్రాజెక్టులో నాకు దొరికిన మంచి సలహాల్లో ఇదే మొదటిది. ఎత్తు లెక్క చూసుకుని రెండు పంపులు తెచ్చాను. రెండూ కలిసి 2.7 లీటర్లు ఇచ్చాయి. బోటు ఇప్పుడు కాలువ మధ్యలో నిదానంగా, నిటారుగా నడుస్తోంది. చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

రోజు 12

రాత్రి పని ముగించి పంపులు ఆపాను. పది నిమిషాల్లో నేలంతా నీళ్ళు.

పంపు నడుస్తున్నంతసేపూ పై కాలువలో 84 లీటర్ల నీళ్ళు నిలిచి ఉంటాయి. పంపు ఆగగానే ఆ నీళ్ళన్నీ జారుడు మీదుగా కిందికి వచ్చేస్తాయి. కింద ట్యాంకును నేను పంపు నడిచేటప్పటి మట్టం చూసి నింపాను, పైన ఖాళీ వదల్లేదు. అసలు సైజులో ఇవే 84,000 లీటర్లు అవుతాయి. అంటే కరెంటు పోయిన ప్రతిసారీ అన్ని నీళ్ళకు చోటు ఉండాలి. రైడ్ పక్కనే పెద్ద చెరువు లాంటిది కనిపిస్తే అది అందానికే పెట్టారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. చాలాచోట్ల పంపులు నీళ్ళు తీసుకునేదీ, ఆగినప్పుడు నీళ్ళు వచ్చి చేరేదీ అందులోనే.

ట్యాంకు మార్చాను. గోడ మీద రెండు గీతలు గీశాను. నీలం గీత పంపు నడిచేటప్పటి మట్టం, ఎర్ర గీత ఆగినప్పటి మట్టం. నీళ్ళు కలపాలంటే ఏ గీతతో పోల్చాలో ముందు చూసుకోవాలి.

రోజు 19

బోట్లు. ఒకే అచ్చు, ఫైబర్‌గ్లాస్ రెండు పొరలు. రోజుకు ఒకటి మాత్రమే అచ్చులోంచి వస్తుంది, తొందరపడి ముందే తీస్తే అంచు వంగుతోంది. పక్కలకు నాలుగు గైడ్ వీల్స్ అడ్డంగా పెట్టాను. బోటు కాలువ గోడకు రాసుకోకుండా ఈ చక్రాల మీద దొర్లుతూ పోతుంది. లిఫ్ట్ బెల్ట్ ఎక్కేటప్పుడు కోసం కింద కూడా చక్రాలు ఉన్నాయి.

ఖాళీ బోటు కిలో బరువు, అంటే అసలు లెక్కలో టన్ను. 20 మంది, మనిషికి 70 కిలోలు అనుకుంటే 1400 కిలోలు. నా బోటులో 1.4 కిలోల ఇసుక సంచులు వేశాను. ఖాళీగా ఉన్నప్పుడు 1.7 సెంటీమీటర్లు మునిగిన బోటు నిండుగా ఉన్నప్పుడు 4 సెంటీమీటర్లు మునిగింది. ఇసుకంతా ముందు వరసల్లో పెట్టి చూస్తే ముక్కు దిగి, లిఫ్ట్ బెల్ట్ అంచుకు కొట్టుకుంది. లాగ్ ఫ్లూమ్‌లలో, అంటే దుంగ ఆకారపు బోట్లు జారే రైడ్‌లలో, పెద్దవాళ్ళను వెనక, పిల్లలను ముందు కూర్చోమని ఆపరేటర్లు ఎందుకు అంత పట్టుబడతారో ఆ దెబ్బ చప్పుడు విన్నాక తెలిసింది.

ఈ 2.3 సెంటీమీటర్ల తేడా నాకు స్టేషన్ గురించి పెద్ద విషయం చెప్పింది. అసలు రైడ్‌లో అది 23 సెంటీమీటర్లు. మొదట ఎక్కినవాళ్ళకు బోటు అంచు ఒక ఎత్తులో ఉంటే, చివర ఎక్కేవాళ్ళకు దాదాపు జానెడు కిందికి దిగి ఉంటుంది. పైగా ఒకరు అడుగు పెట్టగానే పక్కకు ఊగుతుంది. ముసలివాళ్ళు, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు ఆ క్షణంలోనే తడబడతారు, ప్లాట్‌ఫాం మీద కాలం పోయేది అక్కడే.

స్టేషన్ దగ్గర కాలువ లోతు తగ్గించి, అడుగున బెల్ట్ పెట్టాను. బోటు బెల్ట్ మీదికి వచ్చి కూర్చుంటుంది, తేలదు. ఎంతమంది ఎక్కినా ఎత్తు మారదు, ఊగదు. నీళ్ళు బెల్ట్ కింద నుంచి పోయేలా దారి వదిలాను. చాలా పెద్ద రైడ్‌లలో ఇలాంటి ఏర్పాటే ఉంటుంది. అందులో కూర్చున్నవాళ్ళకు బోటు ఇంకా నీటిలోనే ఉన్నట్టు అనిపిస్తుంది.

రోజు 27

మనుషులు ఎక్కే సమయాన్ని పదో వంతు చేయలేం. అందుకని ప్లైవుడ్‌తో నిజమైన సైజులో రెండు వరసల సీట్లు చేసి, ఎనిమిది మందితో ఎక్కించి దింపించాను. పిన్ని, ఆవిడ మనవలు, తమ్ముడి స్నేహితులు వచ్చారు. పిన్ని నాలుగుసార్లు ఎక్కి దిగి, "పట్టుకోడానికి ఏదన్నా ఉంటే నేను నీ తమ్ముడికంటే ముందే కూర్చుంటాను" అన్నారు. ఒక కడ్డీ బిగించాను. నిజంగానే ఆవిడ సమయం సగానికి తగ్గింది.

ఒకే తలుపు గుండా దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ ఎదురుపడితే చాలా ఆలస్యం. ఒక పక్క దిగి, ఇంకో పక్క ఎక్కితే, లేదా ముందు ఒక చోట దింపి ఆ తరువాత ఇంకో చోట ఎక్కిస్తే గజిబిజి పోతుంది. నేను రెండో పద్ధతి తీసుకున్నాను. దిగడానికి ఒక బెల్ట్, ఎక్కడానికి ఒక బెల్ట్. ఒక్కో చోట 30 సెకన్లు.

దీంతో సామర్థ్యం లెక్క వస్తుంది. గంటకు 3600 సెకన్లు. 30 సెకన్లకు ఒక బోటు వదిలితే 120 బోట్లు, బోటుకు 20 మంది, మొత్తం 2400. అదే 35 సెకన్లకు జారితే 2057. 40 సెకన్లు అయితే 1800. ఒక్కో బోటు దగ్గర పది సెకన్లు ఆలస్యమైతే గంటకు ఆరు వందల మంది క్యూలో మిగిలిపోతారు. పెద్ద బోటు, పొడవైన కాలువ, వేగమైన పంపు ఏదీ ఈ నష్టాన్ని పూడ్చలేదు.

సీట్లు నిండడం ఇంకో సంగతి. ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అయిదుగురు ఉన్న వంద గుంపులను చీటీల మీద రాసి, వచ్చిన వరసలోనే బోటులో కూర్చోబెట్టాను. సగటున 16 సీట్లు నిండాయి. ప్లాట్‌ఫాం మీద ఒక మనిషి నిలబడి, "మీరు ఎంతమంది?" అని అడిగి, వరస నంబరు చెప్పి, ఇద్దరిద్దరిని కలుపుతున్నట్టుగా మళ్ళీ వేస్తే 18 వచ్చింది. గంటకు 240 మంది తేడా, ఒక్క ప్రశ్నతో. ఆ ఉద్యోగం చేసేవాళ్ళను చూస్తే నాకు ఇప్పుడు చాలా గౌరవం.

బోటు రైడ్ చరిత్రలో కూడా ఈ లెక్కకు పెద్ద చోటు ఉంది. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనకు వాల్ట్ డిస్నీ బృందం చేసిన 'ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్' ఎడతెగని బోట్లతో జనాన్ని తిప్పింది. అప్పటిదాకా డిస్నీలాండ్‌లో సముద్రపు దొంగల ప్రదర్శనను జనం నడుస్తూ చూసే మ్యూజియంలా కట్టాలనుకున్నారు. ఆ బోట్లు ఎంతమందిని మోస్తున్నాయో చూశాక దాన్నీ బోటు రైడ్‌గా మార్చారు, 1967లో తెరిచారు. కాలువలో నీరే బోట్లను మోసుకుపోయే ఈ పద్ధతిని కట్టి ఇచ్చింది యారో డెవలప్‌మెంట్ కంపెనీ. 1963లో టెక్సస్‌లోని సిక్స్ ఫ్లాగ్స్‌లో మొదటి ఆధునిక లాగ్ ఫ్లూమ్ కట్టిందీ వాళ్ళే. ఇంకా వెనక్కి వెళ్తే పిట్స్‌బర్గ్ దగ్గర కెన్నీవుడ్ పార్కులో 1901 నాటి ఓల్డ్ మిల్ ఉంది. అదీ చీకటి కాలువలో బోట్లు తిరిగే రైడే.

రోజు 38

ఎనిమిది బోట్లు సిద్ధం. కాలువ మొత్తం ఒక చుట్టుకు 95 సెకన్లు పట్టింది, స్టేషన్‌లో 19 సెకన్లు. కలిపి 114. ఎనిమిదితో భాగిస్తే 14.25 సెకన్లకు ఒక బోటు, అంటే అసలు లెక్కలో 45 సెకన్లు. గంటకు 1600 మందే. ప్లాట్‌ఫాం వాళ్ళు ఎంత చురుగ్గా ఉన్నా ఎక్కించడానికి బోటే ఉండదు. మరమ్మతుకు నాలుగు బోట్లు తీసేసిన రోజున క్యూ ఎందుకు అంత పెరుగుతుందో దీన్ని బట్టి చెప్పొచ్చు.

రోజు 45

పన్నెండు బోట్లు పెట్టాను. సరిగ్గా 9.5 సెకన్లు. రైడ్ అంతా గడియారంలా నడిచింది.

రోజు 46

ఇంకా బోట్లు కలిపితే ఇంకా మంచిదేమో చూద్దామని పదిహేను పెట్టాను. ఒక్క మనిషి కూడా ఎక్కువ తిరగలేదు. స్టేషన్ 9.5 సెకన్లకు ఒక్కటే మింగగలదు. మిగిలిన మూడు బోట్లు ఎప్పుడూ బయట వరసకట్టి ఉన్నాయి. ఆ తరువాత పిన్ని లాంటి ఒక ప్రయాణికురాలు నెమ్మదిగా దిగినట్టు అనుకుని, ఒక బోటును అసలు లెక్కలో ఒక నిమిషం ఆపాను. బయట వరస అయిదు బోట్లకు చేరింది. అయిదు బోట్లంటే రెండున్నర మీటర్లు. జారుడు దిగి వచ్చే చోటుకీ స్టేషన్‌కీ మధ్య నేను వదిలింది ఎనిమిది మీటర్లు. తరువాతి బోటు జారుడు దిగేటప్పటికి చివరి బోటు తోక అయిదున్నర మీటర్ల దూరంలో ఉంది.

మూడేళ్ళ క్రితం మేం కూర్చున్న వరస ఇదే. తమ్ముడిని పిలిచి చూపించాను. కిందకు వంగి, వేలితో బోట్లు లెక్కపెట్టి, "మనం అయిదోదాంట్లో ఉన్నాం" అన్నాడు.

పదమూడు బోట్లు సరిపోతాయని తేలింది. పన్నెండుతో లెక్క కుదురుతుంది కానీ ఏ బోటు రెండు సెకన్లు ఆలస్యంగా వచ్చినా ప్లాట్‌ఫాం ఖాళీగా ఎదురు చూడాలి. పదమూడోది ఎప్పుడూ బయట సిద్ధంగా ఉండి ఆ వెలితి నింపుతుంది. పద్నాలుగు, పదిహేను ఆలస్యాన్ని పెంచుతాయే కానీ తగ్గించవు.

రోజు 52

గేట్లు, సెన్సర్లు. నీటి మీద తేలే బోటుకు బ్రేక్ ఉండదు. రైలును పట్టాల మీద ఆపినట్టు ఆపలేం. అందుకని కాలువను అయిదు ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క మొదట్లో సర్వో మోటారుతో లేచే గేటు, చివర బోటు దాటిందని చెప్పే సెన్సర్ పెట్టాను. అన్నిటికన్నా ముఖ్యమైన గేటు జారుడు పైన ఉన్నది. కింద ముందు బోటు దూరంగా వెళ్ళిందని సెన్సర్ చెప్పేదాకా అది తెరుచుకోదు. సెన్సర్ తీగ తెగినా తెరుచుకోకూడదు. దీనికోసం సిగ్నల్ ఉంటేనే 'ఖాళీ' అని, సిగ్నల్ లేకపోతే 'బోటు ఉంది' అని లెక్కించేలా రాశాను. తీగ పీకేసి చూశాను. గేటు మూసుకునే ఉంది.

లిఫ్ట్‌లో కరెంటు తీసేస్తే నిండు బోటు వెనక్కి జారింది, నా గుండె కూడా జారింది. ఇత్తడి రేకు వంచి పళ్ళలా బిగించాను. ఇప్పుడు బోటు ఒక వేలెడు కూడా వెనక్కి రాదు. రైడ్‌లో బోటు లిఫ్ట్ ఎక్కేటప్పుడు వినిపించే ఆ టక్ టక్ చప్పుడు ఇలాంటి పళ్ళదే.

రోజు 58

ఈ రోజు రాసేది జాగ్రత్తగా రాయాలి.

బాబాయి చెప్పినట్టు ఒక పంపును కావాలని ఆపాను. సగం నీళ్ళయినా వస్తాయనుకున్నాను. దాదాపు ఏమీ రాలేదు. నడుస్తున్న పంపు పైకి పంపిన నీళ్ళు ఆగిన పంపు గుండానే వెనక్కి ట్యాంకులోకి పోతున్నాయి. రెండు పైపులకూ నీళ్ళను ఒక్క వైపే పోనిచ్చే నాన్-రిటర్న్ వాల్వ్ బిగించాక మళ్ళీ చేశాను. ఈసారి జారుడు పైన లోతు 8 సెంటీమీటర్ల నుంచి 5కు పడింది. నిండు బోటు మునక 4. కింద మిగిలింది ఒక్క సెంటీమీటరు. బోటు అడుగు రాసుకుంటూ అక్కడే తచ్చాడింది, వెనక బోటు వచ్చి తగిలింది.

మట్టం అంత పడడానికి 25 సెకన్లు పట్టింది, అసలు లెక్కలో దాదాపు 80 సెకన్లు. ఈలోపు స్టేషన్ నుంచి రెండు మూడు బోట్లు బయలుదేరతాయి. లిఫ్ట్ మాత్రం ఏమీ జరగనట్టు తిరుగుతూనే ఉంటుంది, బోట్లను తెచ్చి నీళ్ళు లేని కాలువలో పడేస్తూ ఉంటుంది.

2016 అక్టోబర్ 25న ఆస్ట్రేలియాలోని డ్రీమ్‌వరల్డ్‌లో 'థండర్ రివర్ రాపిడ్స్' రైడ్‌లో నలుగురు చనిపోయింది ఇలాంటి వరసలోనే. పంపు ఆగింది, నీటి మట్టం పడింది, కన్వేయర్ (పైకి లాగే బెల్ట్) దగ్గర ఒక రాఫ్ట్ (తెప్ప లాంటి బోటు) చిక్కుకుంది, వెనక వచ్చిన రాఫ్ట్ దాన్ని ఢీకొట్టింది. నీళ్ళు తగ్గితే కన్వేయర్‌ను తానే ఆపే ఏర్పాటు ఆ రైడ్‌లో లేదని విచారణలో బయటపడింది. ఆపరేటర్లు కాలువ గోడ మీద చారను కంటితో చూసి మట్టం తెలుసుకునేవాళ్ళు. నా ట్యాంకు మీద నేను గీసిన నీలం గీత కూడా అలాంటిదే. దాన్ని చూస్తూ నిలబడి, ఒక గీత మీద మనుషుల ప్రాణాలు పెట్టకూడదనుకున్నాను.

నీటి మీద తేలుతూ, మట్టం పడితే తానే పనిచేసే ఫ్లోట్ స్విచ్‌లు రెండు పెట్టాను. ఒకటి జారుడు పైన, ఒకటి స్టేషన్ దాటాక లిఫ్ట్ మొదట్లో. వాటిలో ఏ ఒక్కటి పడినా స్టేషన్ బోట్లు వదలదు, లిఫ్ట్ ఆగుతుంది, గేట్లన్నీ మూసుకుంటాయి. మంచిగా నడుస్తున్న పంపును మాత్రం ఆపకూడదు. ఎర్ర బటన్ నొక్కితే అన్నీ ఒకేసారి ఆగాలని మొదట అలాగే రాశాను. అప్పుడు పై కాలువ కూడా ఖాళీ అయి, బోట్లన్నీ ఎక్కడివక్కడ అడుగంటి ఒరిగాయి. 'అన్నీ ఆపు' అన్నది ప్రతి రైడ్‌కూ సురక్షితం కాదు. ఏది ముందు ఆగాలి, ఏది నడుస్తూ ఉండాలి అన్నది ముందే తేల్చి, ఒకే బటన్ వెనక పెట్టాలి. ఆ కంగారులో మనిషి ఆలోచించాల్సిన పని ఉండకూడదు.

ఇరవై సార్లు పంపు ఆపి చూశాను. ఇరవై సార్లూ మట్టం 7 సెంటీమీటర్లకు పడేలోపే లిఫ్ట్ ఆగింది.

రోజు 66

నీళ్ళు ఆకుపచ్చగా మారాయి. వారంపాటు ఎండలో వదిలేశాను, నాచు పట్టింది. గైడ్ వీల్ గోడ మీద పట్టు తప్పి జారుతోంది. క్లోరిన్ కలిపి 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) మధ్య, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉంచుతున్నాను. ఎండ క్లోరిన్‌ను గంటల్లో విరిచేస్తుంది. అందుకని ఆరుబయట రైడ్‌కు క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడే స్టెబిలైజర్ కావాలి. కప్పు కింద ఉండే చీకటి రైడ్‌లలో చాలాచోట్ల బ్రోమిన్ వాడతారు. అలాంటి రైడ్‌లో అడుగుపెట్టగానే వచ్చే ఆ ప్రత్యేకమైన వాసన చాలావరకు దానిదే. గోరువెచ్చని నీటిలో, తుంపర ఎగిరే చోట న్యుమోనియా తెచ్చే లెజియొనెల్లా బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది కాబట్టి నీటి పరీక్ష ఒక్క రోజు కూడా వదలకూడదు.

పంపు నోటి దగ్గర జాలీలో ఆకులు ఇరుక్కుని ప్రవాహం అయిదో వంతు తగ్గింది. చేత్తో తీసి కడిగాను. రోజూ ఉదయం చేయాల్సిన పనుల్లో దీన్ని మొదట రాశాను. ఆ తరువాత మట్టం, బోటు అడుగున చేరిన నీళ్ళు, ప్రతి చక్రాన్నీ వేలితో తిప్పి చూడడం, గేట్లు, బటన్, చివర ఖాళీ బోట్లతో పూర్తిగా ఒక చుట్టు.

రోజు 71

నీళ్ళు రోజూ తగ్గుతున్నాయి. ఆవిరా, కారడమా? ఒక బకెట్‌లో అవే నీళ్ళు పోసి కాలువ పక్కనే పెట్టి, పంపులు ఆపి, రెండింటి మట్టం గీశాను. ఒక రోజు తరువాత బకెట్‌లో 6 మిల్లీమీటర్లు, కింద కాలువలో 19. ఆవిరి రెండు చోట్లా ఒకటే కాబట్టి మిగిలిన 13 మిల్లీమీటర్లు కారుతున్నట్టే. కాలువ, ట్యాంకు కలిసి 2 చదరపు మీటర్లు, అంటే రోజుకు 26 లీటర్లు. రంగు నీళ్ళు సూదితో అతుకుల దగ్గర వదులుతూ పోతే మూడో అతుకు దగ్గర ఆ రంగు లోపలికి లాక్కుపోయింది. గట్టిగా ఆరిపోయే అతుకు మందు ఎండకు సాగే చెక్కతో పాటు సాగలేదు. సాగే పాలీయురెథేన్ సీలెంట్ వేశాను. మర్నాడు బకెట్ 5, కాలువ 6.

రోజు 80

పదమూడు బోట్లతో గంటసేపు నడిపాం. అసలు లెక్కలో అది మూడు గంటల పైమాట. తమ్ముడు స్టేషన్ దగ్గర, నేను లిఫ్ట్ దగ్గర, బాబాయి పంపుల దగ్గర. మధ్యలో ఎవరికీ చెప్పకుండా బాబాయి ఒక పంపు ఆపారు. లిఫ్ట్ ఆగింది, గేట్లు మూసుకున్నాయి, ఏ బోటూ ఇంకోదాన్ని తాకలేదు. పంపు మళ్ళీ వేసి, మట్టం నీలం గీతకు వచ్చాక తమ్ముడు రీసెట్ నొక్కాడు.

వదలగలిగింది 379 బోట్లు, వదిలింది 361. సగటున అసలు లెక్కలో 31.5 సెకన్లకు ఒకటి, గంటకు 2284 సీట్లు. పోయిన పద్దెనిమిదిలో పన్నెండు పంపు ఆపినప్పుడు పోయాయి, ఆరు స్టేషన్‌లో.

ఏడో బోటు ఎడమ ముందు చక్రం అరిగి ఒక పక్క చదునైంది. బోటును పక్కకు తీసి, చక్రం విప్పాను. అచ్చులో కొత్తది పోసి ఆరబెట్టాను, రేపు ఉదయానికి సిద్ధం.